గాజుకు రంగునిచ్చే ఖనిజాలు: ఏది ఎంచుకోవాలి, దేన్ని ఇంట్లోకి రానివ్వకూడదు

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లలో కొందరు, అంచులకు కుట్టే గాజుపూసలు కూడా తామే చేసుకుంటే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. కోనసీమలో పాత మండువా లోగిళ్లు బాగుచేయించుకునేవాళ్లు గుమ్మాల పైన పగిలిన నీలం, ఎరుపు అద్దాలకు జోడు వెతుకుతున్నారు. రాజమండ్రిలో చిన్న కరెంటు కొలిమి కొనుక్కుని లాకెట్లు పోస్తున్న కుర్రాళ్లూ ఉన్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: ఏ రంగుకు ఏ పొడి కొనాలండీ?

రంగు కన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఆ ఖనిజం మీ చేతికి ఏ రూపంలో వస్తుందన్నది. గాజులో పూర్తిగా కరిగి బిగిసిపోయిన లోహంతో, ఆ పూసను మెడలో వేసుకున్నవాళ్లకు భయం లేదు. అదే లోహం పొడిగా ఉంటే ముక్కులోకి పోతుంది, మంటలో ఆవిరైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకే కోబాల్ట్ నీలం, కొన్న రూపాన్ని బట్టి, బల్లమీద పెట్టుకోదగ్గ వస్తువూ అవుతుంది, తాళం వేసి దాచాల్సిన వస్తువూ అవుతుంది. అందుకే ముందు రూపం గురించి చెప్పి, తర్వాత రంగుల్లోకి వస్తాను.

పొడా, రవ్వా, కడ్డీయా?

మొదటి రూపం ముడి ఆక్సైడ్ పొడి: కోబాల్ట్ ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్, క్రోమియం ఆక్సైడ్ లాంటివి. ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి 1,400 డిగ్రీల దాకా వేడిచేసి గాజును మొదటినుంచీ కరిగించేవాళ్లకు ఇవి కావాలి. పూసలు చేసే మంట దగ్గర, అంటే గాజుకడ్డీని గ్యాసు మంటలో కరిగించే చోట, ఇవి పనికిరావు. వేడి గాజు మీద ఆక్సైడ్ చల్లితే, ఆ కొద్ది నిమిషాల్లో అది లోపలికి కరగదు. పైపొరలో సగం అంటుకుని, సగం అంటకుండా ఉండిపోతుంది. రంగు మురికిగా వస్తుంది, పైగా ఆ పూస వేసుకునేవాళ్ల చర్మానికి లోహం నేరుగా తగులుతుంది. వీడియోల్లో ఇలా చల్లి చూపిస్తున్నారు. దయచేసి చెయ్యకండి.

రెండోది, ముందే రంగు వేసి కరిగించిన గాజును నలిపిన రవ్వ. ఇందులో లోహం గాజులో బంధించి ఉంటుంది. కానీ రవ్వలో కూడా తేడాలున్నాయి. బొంబాయి రవ్వ లాంటి గింజ గాలిలో లేవదు. మైదాలాంటి మెత్తని పొడి డబ్బా మూత తియ్యగానే లేస్తుంది. ధర ఒకటే అయినప్పుడు గింజ పెద్దదే తీసుకోండి.

మూడోది కడ్డీలు, పలకలు. ఎక్కువ ఖరీదు. కానీ పొడి లేదు, తూకం లేదు, ప్రతిసారీ ఒకే రంగు. ఇంట్లో, అందులోనూ వంటింటి పక్కన వసారాలో పనిచేసేవాళ్లకు నా సలహా ఇదొక్కటే: కడ్డీలూ పలకలే కొనండి, ముడి ఆక్సైడ్ గడప దాటి లోపలికి రానివ్వకండి. ఆక్సైడ్ కిలో ధర చూసి చవక అనుకుంటారు గానీ, దానికి కొలిమి, పొగ లాగే గొట్టం, వడపోత, సరైన మాస్కు, విడిగా ఒక గది కలిపి లెక్కవేస్తే చిన్నపనికి అది ఎక్కడా చవక కాదు.

కడ్డీలు కొనేటప్పుడు చూడాల్సింది వ్యాకోచ గుణకం, అంటే వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె. పూసల పనికి వచ్చే మెత్తని గాజు ఎక్కువగా 104 రకం. పలకలుగా వచ్చి కొలిమిలో అతికించేది చాలావరకు 90. ప్రయోగశాల గాజుగొట్టాల రకం 33. ఒక రకాన్ని ఇంకో రకంతో కలిపితే చల్లారాక పగులుతుంది. కొన్నిసార్లు ఆ పగులు వారం తర్వాత, కొన్నవాళ్ల మెడలోనే వస్తుంది.

నీలం: కోబాల్టా, రాగా?

కోబాల్ట్‌కున్నంత శక్తి గాజులో మరే సాధారణ లోహానికీ లేదు. కిలో గాజుకు ఒక గ్రాము వేస్తే ముదురు నీలం వచ్చేస్తుంది. అందులో పదో వంతు కూడా కంటికి కనబడే నీలమే ఇస్తుంది. అంటే 100 గ్రాముల గాజుకు ముదురు నీలానికైనా 0.1 గ్రామే. బంగారం కొట్లో వాడే తక్కెడ లాంటిది లేకుండా ఇంత కొద్ది తూకం కుదరదు. తూచేటప్పుడు గరిటె కొనకు అంటిన నల్లని దుమ్ము, చేతిరుమాలుకు తుడుచుకుంటే అక్కడే ఉండిపోతుంది. కోబాల్ట్ దుమ్ము పీల్చేవాళ్లకు ఉబ్బసం రావచ్చు, తాకితే కొందరికి చర్మం దద్దురులెక్కుతుంది. నీటిలో కరిగే కోబాల్ట్ లవణాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవాటి వరుసలో పెట్టింది. కాబట్టి ముడి పొడి కొనక తప్పనివాళ్లు ఆక్సైడే తీసుకోవాలి. నైట్రేట్, క్లోరైడ్, సల్ఫేట్ జోలికి వెళ్లొద్దు.

రాగి ఇచ్చేది వేరే నీలం, పచ్చ కలిసిన ఆకాశం రంగు. దానికి ఒకటి నుంచి రెండు శాతం దాకా వెయ్యాలి. గాజులో సోడా ఎక్కువుంటే నీలం వైపు, సీసం ఉంటే పచ్చ వైపు మొగ్గుతుంది. మన రైతులకు రాగి కొత్త కాదు. కొబ్బరి మొవ్వకుళ్లుకు కొట్టే బోర్డో మిశ్రమంలో ఉన్నది మైలుతుత్తమే, అంటే కాపర్ సల్ఫేటే. అదే గాజులో వేస్తే సరిపోదా అని అడిగినవాళ్లున్నారు. సరిపోదు. వేడికి అందులోంచి గంధకపు వాయువు పొడుచుకొస్తుంది, గొంతు మండుతుంది, గాజులో బుడగలు మిగులుతాయి. కొలిమివాళ్లకైతే కాపర్ ఆక్సైడ్ లేదా కార్బొనేట్ మంచిది.

ఆరోగ్యం కోసం ఈ రెంటిలో ఒకటి చెప్పమంటే రాగి అంటాను. పీలిస్తే అదీ మంచిది కాదు గానీ, కోబాల్ట్ తెచ్చిపెట్టేలాంటి ఉబ్బసం తేదు. పని తేలిక కోసమైతే కోబాల్ట్. ఎందుకంటే రాగి కడ్డీ మంటను గుర్తుపెట్టుకుంటుంది. గ్యాసు ఎక్కువై ఆక్సిజన్ తగ్గిన మంటలో ఆకాశనీలం కడ్డీని పెడితే, కొన మీద ముందు మబ్బుపట్టినట్టు ఒక పొర, ఆ తర్వాత కాలేయం రంగులో ఇటుక ఎరుపు చారలు వస్తాయి. పూస చల్లారాక నీలం మీద తుప్పు పట్టినట్టుంటుంది. గాలి కొంచెం పెంచి, కడ్డీని మంట మధ్యనుంచి పక్కకు, కొసవైపు తెచ్చి తిప్పితే ఆ చారలు చాలావరకు పోతాయి. కొత్తవాళ్లు దీన్ని గాజు నాసిరకం అనుకుని కడ్డీలు తిప్పి పంపిస్తుంటారు.

మండువా ఇళ్ల అద్దాలకు జోడు వెతికేవాళ్లు మాత్రం పాత ముక్కను ఎండకెదురుగా పట్టి చూడండి. లోతైన, ఊదా వైపు లాగే నీలమైతే అది కోబాల్టే. పలకగా కొనుక్కోవడమే. మీరు చెయ్యాల్సిన జాగ్రత్తంతా కోసేటప్పుడు లేచే గాజునలుసు గురించే.

ఆకుపచ్చ, గోధుమ, ఊదా

ఆకుపచ్చలో ఇనుము అన్నిటికన్నా నిరపాయం, అన్నిటికన్నా చవక. కిటికీ అద్దం అంచున కనబడే పచ్చదనం ఇసుకలోని ఇనుముదే. గోదావరి ఇసుకతో గాజు చేద్దామని ఉత్సాహపడేవాళ్లు ఇది తెలుసుకోవాలి: మన నది ఇసుకలో ఇనుము, ఇతర ఖనిజాలు చాలా ఎక్కువ. తెల్లగాజు రాదు, మురికిపచ్చ వస్తుంది. గాజుకు పనికొచ్చే తెల్ల సిలికా ఇసుక మన రాష్ట్రంలో నెల్లూరు వైపు గూడూరు, చిల్లకూరు దగ్గరా, చినగంజాం, వేటపాలెం తీరంలోనూ దొరుకుతుంది. అదే ఇనుముకు గంధకం, బొగ్గు తోడైతే బీరుసీసా గోధుమరంగు వస్తుంది. సాదా రంగు కావాలనుకుంటే దీన్ని మించింది లేదు.

చిక్కటి ఆకుపచ్చకు క్రోమియం. ఇక్కడే పేరు చూసి కొనాలి. క్రోమియం ఆక్సైడ్ పచ్చని పొడి, మూడు వేలన్సీది, అపాయం తక్కువ. కానీ మొండిది. సరిగా కరగక నల్లని చుక్కలుగా మిగిలిపోతుంది. అందుకని కొందరు నారింజరంగు పొటాషియం డైక్రోమేట్ వేస్తారు, అది ఇట్టే కలిసిపోతుంది. అది ఆరు వేలన్సీ క్రోమియం. మనుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థం. ముక్కు లోపలి గోడకు చిల్లు పెడుతుంది, చేతిమీద మానని పుండ్లు వేస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం తెలియజేసి తీరాల్సిన వృత్తి వ్యాధుల పట్టికలో క్రోమ్ పుండు, సీసం, మాంగనీస్, ఆర్సెనిక్ విషాలతోపాటు సిలికోసిస్‌ను (ఇసుక దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కూడా చేర్చింది. ఒక గాజు కొలిమి దగ్గర ఇవన్నీ ఒకే బల్లమీద ఉండే వీలుంది. డైక్రోమేట్‌కు ఏ చిన్న పనిలోనూ చోటు లేదన్నది నా ఖచ్చితమైన మాట.

ఊదాకు మాంగనీస్ పాత దారి. రొయ్యల చెరువుల్లో వాడే పర్మాంగనేట్ మనకు చేతికందేదే గానీ, అది బలమైన ఆక్సీకారి. బొగ్గుపొడి, నూనెగుడ్డ లాంటివాటి పక్కన ఉంటే నిప్పంటుకుంటుంది. గాజుకు మాంగనీస్ డయాక్సైడ్ వాడతారు. దాని దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు నరాలు దెబ్బతిని, పార్కిన్సన్ జబ్బులాగా చేతులు వణకడం, నడక బిగిసిపోవడం వస్తుంది. నియోడిమియం ఖరీదైనది గానీ నాకు ఎంతో ఇష్టమైన రంగు. ఎండలో లేత ఊదాగా, ట్యూబులైటు కింద నీలంగా మారుతుంది. పూసలు చేసేవాళ్లు పెట్టుకునే డిడిమియం కళ్లద్దాల్లో ఉన్నదీ ఇదే, దానికి తోడు ప్రేసియోడిమియం. వేడిగాజులోని సోడియం వెదజల్లే పసుపు వెలుగును అది మింగేసి కంటికి పని కనబడేలా చేస్తుంది. ఆ అద్దాలు పెద్ద కొలిమి నుంచి వచ్చే పరారుణ వేడిని ఆపవని మాత్రం గుర్తుంచుకోవాలి. నికెల్ బూడిదరంగును ఈ పనిలో వదిలెయ్యొచ్చు. చర్మానికి పడదు, దాని సమ్మేళనాలు క్యాన్సర్ కలిగించేవి, ఆ రంగు మరోలా కూడా వస్తుంది.

పసుపు, నారింజ, ఎరుపు: అసలు కష్టం ఇక్కడే

మన దగ్గర ఎవరికైనా కావాల్సినవి ఇవే. పసుపూ ఎరుపూ లేని పూసలదండ ఎవరు కొంటారు? సరిగ్గా ఈ రంగుల్లోనే కాడ్మియం ఉంది. కాడ్మియం సల్ఫైడ్ పసుపు. దానికి సెలీనియం కలిపేకొద్దీ నారింజ, తర్వాత నిండు ఎరుపు. ఇంత మండే ఎరుపు వేరే ఏదీ ఇవ్వదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ సెలీనియం 685 డిగ్రీలకే, కాడ్మియం లోహం 767 డిగ్రీలకే మరుగుతాయి. గాజు కరిగేది దానికి రెట్టింపు వేడిలో. వేసినదాంట్లో ఒక భాగం గొట్టంలోంచి ఊరిమీదకు పోతుంది.

ఆ పొగ ఎక్కడికి పోతుందో 2016లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం చూసింది. అక్కడి చెట్లమీద నాచును అటవీశాఖ పరిశోధకులు పరీక్షిస్తే, ఒక కళాగాజు కర్మాగారం చుట్టుపక్కల కాడ్మియం ఎక్కువగా బయటపడింది. గాలిని పరీక్షిస్తే ఆర్సెనిక్ కూడా కనబడింది. నివాస ప్రాంతాల మధ్య నడుస్తున్న కొలిమి అది. కాడ్మియం ఒంట్లో చేరితే పదుల ఏళ్లు మూత్రపిండాల్లో ఉండిపోతుంది. జపాన్‌లో జింజూ నది నీటితో తడిసిన వరిపొలాల అన్నం తిని ఎముకలు గుల్లబారిన జనం ఇతాయ్-ఇతాయ్ అని మూలిగారు. నొప్పి, నొప్పి అని అర్థం. నది, కాలువ, వరిచేను ఉన్న మన డెల్టాలో ఆ కథ మరొకరిది అనుకోకూడదు.

మరి ఎరుపుకు ఏం చెయ్యాలి? పూసలు చేసేవాళ్లయితే కాడ్మియం-సెలీనియం కడ్డీని వాడుకోవచ్చు, గాలి బయటికి లాగే ఫ్యాను ఉన్నచోట. ఆ కడ్డీ మంటలో నల్లబడినట్టు కనబడి, చల్లారేకొద్దీ ఎరుపు తిరిగి వస్తుంది. తొందరపడి మరిగించకూడదు. గాజు నురగ కట్టి, బూడిదచారలు వస్తున్నాయంటే రంగు పోతోందని, ఆ పోయేది మీ ముక్కు ముందునుంచేనని అర్థం. మంటను దూరం జరపండి. ఆ కడ్డీని ఎప్పుడూ పొడిచెయ్యకండి, పొడిగా అరగదియ్యకండి.

కొలిమి ఉన్నవాళ్లు కాడ్మియం పొడి కొనకుండా రాగి ఎరుపు ప్రయత్నించండి. కొంచెం తగరం ఆక్సైడ్ కలిపి, ఆక్సిజన్ తక్కువైన మంటలో కరిగించి, చల్లార్చి మళ్లీ వేడిచేస్తే వస్తుంది. మొండి రంగు, ఓపిక కావాలి, ఒక్కోసారి గోధుమగా తేలుతుంది. కానీ దక్షిణాదిలో ఎర్రపూసలు చాలా శతాబ్దాలు రాగితోనే వచ్చాయి. శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో గొట్టంగా లాగి కోసే పూసల విద్య మన కాలందాకా బతికింది. బంగారం ఎరుపు గులాబీ వైపు ఉంటుంది. కిలో గాజుకు గ్రాములో చిన్న భాగం చాలు, గాజులో పూర్తిగా నిరపాయం. కానీ బంగారాన్ని కరిగించడానికి వాడే ఆమ్లరాజం (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) ఇంట్లో ముట్టుకోదగ్గది కాదు. గులాబీ కావాలంటే కడ్డీగానే కొనాలి. ఎర్బియంతో కూడా లేత గులాబీ వస్తుంది, బెడద తక్కువ.

పసుపుకు కాడ్మియం మానెయ్యడం తేలిక. సీరియం, టైటానియం కలిపి వేస్తే తేనె పసుపు వస్తుంది. అద్దంపలక మీద పసుపు కావాలంటే వెండి ఉంది. వెండి సమ్మేళనాన్ని పూసి కాలిస్తే గాజు పైపొరలోకి వెళ్లి బంగారు పసుపు ఇస్తుంది. యూరప్ చర్చి కిటికీల్లో 14వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి. సిల్వర్ నైట్రేట్ చేతిని నల్లగా మారుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. చేతి తొడుగులు, కళ్లద్దాలు చాలు.

యురేనియం పసుపుపచ్చ గురించి కూడా అడుగుతారు, అతినీలలోహిత టార్చి వేస్తే మెరిసే పాత గిన్నెలు చూసి. కొత్తగా చెయ్యాలన్న ఆలోచన వద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా యురేనియం ఉంచుకోకూడదు. పాత గిన్నె అల్మరాలో ఉంటే ఉండనివ్వండి, అరగదియ్యకండి.

తెలుపు, పాలరంగుకు తగరం ఆక్సైడ్, ఎముకల బూడిద మంచివి. ఫ్లోరైడ్ వేసిన మిశ్రమం కరిగేటప్పుడు ఘాటైన విషవాయువు వదులుతుంది. బుడగలు పోగొట్టడానికి తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ ఆక్సైడ్, వేసే పాత అలవాటు ఇప్పుడు అవసరం లేదు, ఆ పనికి ఆంటిమొనీ, సీరియం ఉన్నాయి.

తినే పాత్రలకు లెక్క వేరు

మెడలో వేసుకునే పూసకూ ఆవకాయ పెట్టే సీసాకూ ఒకే కొలమానం పనికిరాదు. ఆవకాయలో పులుపు, ఉప్పు, నూనె నెలల తరబడి గాజును అంటుకుని ఉంటాయి. సీసం ఎక్కువున్న స్ఫటికగాజు నుంచి పులుపులోకి సీసం ఊరుతుంది. ఊరగాయకు, నిమ్మరసానికి, చింతపండు పులుసుకు అది వద్దు. గాజు ఒంటిలోనే కలిసిన కోబాల్ట్ నీలం, ఇనుప గోధుమ రంగులతో ఆ బాధ దాదాపు లేదు. అసలు అనుమానించాల్సింది పైన వేసిన రంగుబొమ్మల్ని. తక్కువ వేడిలో కరగడానికి ఆ రంగుల్లో సీసం, ఎరుపూ పసుపూ రావడానికి కాడ్మియం కలిపే అలవాటుంది. 2010లో అమెరికాలో ఒక పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థ, బొమ్మల రంగులో కాడ్మియం ఉందని 1 కోటి 20 లక్షల గ్లాసులు వెనక్కి రప్పించింది. గ్లాసు కొంటే పై అంచునుంచి 20 మిల్లీమీటర్ల లోపు, పెదవి తగిలేచోట, ఏ రంగూ లేనిది చూసుకోండి. గోటితో గీకితే ఎత్తుగా తగిలే బొమ్మ లోపలివైపు ఉంటే అసలే వద్దు.

తినే పాత్రలు అమ్మాలనుకునేవాళ్లు ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. 4 శాతం అసిటిక్ ఆమ్లం పోసి 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ఎంత సీసం, కాడ్మియం దిగిందో కొలుస్తారు. ఇంట్లో వెనిగర్ పోసి చూస్తే రంగు మారలేదని ధైర్యం తెచ్చుకోకూడదు. దిగిన లోహం కంటికి కనబడదు.

డెల్టాలో పనిచేసేవాళ్లు చూసుకోవాల్సినవి

ఉక్కకు ఫ్యాను లేకుండా కూర్చోలేం. కానీ తలపైన ఫ్యాను తిరుగుతుంటే రవ్వ, పొడి ఇల్లంతా చేరుతుంది. గోడలో పెట్టి గాలిని బయటికి లాగే ఫ్యాను కావాలి, మంటకు వెనకవైపు, మీ ముఖానికి ఎదురుగా. పొడి చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవాలి. ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది, వాయువును ఆపదు. చీరకొంగు, తువ్వాలు దేన్నీ ఆపవు. ముడి ఇసుకలో ఉన్న స్ఫటిక సిలికా పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. కరిగిన గాజుపొడి అంత చెడ్డది కాదు గానీ, అందులో ఉన్న లోహమూ మీతోనే ఉంటుంది. పని చీర, పని చొక్కా విడిగా ఉతకండి. మిక్సీ, పిండి జల్లెడ ఈ పనికి తేవొద్దు, తెస్తే మళ్లీ వంటింటికి పంపొద్దు.

ముసురు పట్టినప్పుడు సోడా యాష్, పొటాష్ తేమ పీల్చి బరువెక్కుతాయి. అదే గ్రాముల లెక్కన వేస్తే గాజు కూర్పు మారుతుంది, రంగూ మారుతుంది. గట్టి మూత డబ్బాలు, కుదిరితే వేడిచేసి ఆరబెట్టి తూచడం. లంకల్లో ఉండేవాళ్లు జులై, ఆగస్టులలో వరద రాకముందే డబ్బాలన్నీ అటకమీదికి ఎక్కించాలి. ప్రతి డబ్బామీద తెలుగులో పెద్దక్షరాలతో పేరు రాయండి. కొన్ని తెల్లపొడులు చూడ్డానికి ఉప్పులాగే ఉంటాయి.

చేతులు, గుడ్డలు కడిగిన నీళ్లు కాలువలో పొయ్యకండి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఈ కాలువలే ఊరి మంచినీటి చెరువును నింపుతాయి, చేనును తడుపుతాయి, భీమవరం వైపు చేపల చెరువులకూ పోతాయి. నీటిలో కరిగిన రాగి కొద్దిపాటి మోతాదులోనే చేపపిల్లలను చంపుతుంది. ఒక బకెట్లో కడిగి, రెండురోజులు కదలకుండా ఉంచితే గాజు, పొడి అడుగుకు దిగుతాయి. పైనీళ్లు మెల్లగా ఇంకో బకెట్లోకి వంచి మరుసటి కడుగుడికి మళ్లీ వాడుకోవచ్చు. అడుగున మిగిలిన ముద్దను తడిగా ఉండగానే పాత ప్లాస్టిక్ డబ్బాలోకి తీసి, మూతపెట్టి, ఏ రంగుదో రాసి పెట్టాలి. కాడ్మియం రంగుల ముద్ద విడిగా ఉండాలి. అది చెత్తబుట్టలోకీ పెంటకుప్ప మీదకీ పోకూడదు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత సంస్థకే ఇవ్వాలి. విరిగిన కడ్డీముక్కలు, పగిలిన పూసలు మాత్రం దాచుకోండి, ఒకే రకం గాజైతే రంగు చూసి మళ్లీ కరిగించుకోవచ్చు.